లోతు సముద్రపు బావికి నీటి మడ్డా, నూనె మడ్డా? జలవాది, తైలవాదుల సంవాదం

సముద్రగర్భంలోని చమురు, సహజవాయు నిక్షేపాల కోసం తవ్వే బావిలో, తిరుగుతున్న పైపుల మధ్యగుండా కిందికి దిగి, రాతిని కోసే బిట్ ముఖంలోని రంధ్రాల నుంచి వెలువడి, తెగిన రాతి ముక్కలను మోసుకుంటూ పైపుకూ బావి గోడకూ నడుమనున్న ఖాళీలోంచి తిరిగి పైకి వచ్చే ద్రవాన్ని డ్రిల్లింగ్ ద్రవం అంటారు. రిగ్గు మీద పనిచేసేవారి నోట అది ‘మడ్’. ముక్కలను బయటికి తేవడం, బిట్‌ను చల్లార్చడం దాని పనుల్లో తేలికైనవి. అసలు పని బరువుకు సంబంధించినది. రాతి రంధ్రాల్లో ఉన్న ద్రవాల పీడనం కంటే మడ్ స్తంభపు పీడనం తగ్గితే వాయువు బావిలోకి చొరబడుతుంది, దాన్ని ‘కిక్’ అంటారు. రాయి తట్టుకోగల హద్దును మడ్ పీడనం మించితే రాయి చీలి, మడ్ ఆ చీలికల్లోకి పోతుంది. ఈ రెండు హద్దుల మధ్యనున్న సందులోనే తవ్వకమంతా సాగాలి.

మడ్‌లు ప్రధానంగా రెండు తెగలు. నీటి మడ్‌లో సముద్రపు నీరో మంచినీరో మూలద్రవంగా ఉండి, చిక్కదనానికి కచ్ ప్రాంతపు బెంటొనైట్ వంటి బంకమట్టి లేదా పాలిమర్లు, బరువుకు ముగ్గురాయి పొడి కలుస్తాయి. కడప సీమలోని మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి, అంటే బెరైటీస్, దేశవిదేశాల చమురు బావులకు చేరుతూ ఉంటుంది. నూనె మడ్‌లో నూనె మూలద్రవం. కాల్షియం క్లోరైడ్ కలిపిన ఉప్పునీరు అందులో సూక్ష్మబిందువులుగా చెదిరి ఉంటుంది. పూర్వం ఆ నూనె డీజిల్. ఉత్తర సముద్రంలోని నార్వే జలాల్లో 1990లో ఎస్టర్ మడ్‌ను ప్రయోగించిన తరువాత, విషస్వభావం తక్కువగా ఉండేలా తయారుచేసిన ఎస్టర్లు, ఒలెఫిన్లు దాని స్థానంలోకి వచ్చాయి. వీటితో చేసినదే సింథటిక్ మడ్.

తీరానికి దగ్గరి, లోతు తక్కువ జలాల్లో ఈ రెండింటి మధ్య ఎంపిక చాలావరకు ఖర్చు లెక్కతో తేలిపోతుంది. నీటి లోతు వేయి మీటర్లు దాటిన చోట మాత్రం చలి, పీడనం, బలహీనమైన పైపొరలు ఆ లెక్కను తలకిందులు చేస్తాయి. కృష్ణా–గోదావరి లోతు సముద్రం అలాంటి చోటే: కాకినాడ తీరానికి ఎదురుగా 2009లో వాయు ఉత్పత్తి మొదలైన డీ6 బ్లాకులో 2020లో ఉత్పత్తికి వచ్చిన ఆర్ క్లస్టర్ క్షేత్రం రెండు వేల మీటర్లకు పైబడిన నీటి లోతులో ఉండగా, 2024 జనవరిలో తొలి చమురు తీసిన 98/2 బ్లాకు 300 మీటర్ల లోతు నుంచి 3,200 మీటర్ల దాకా విస్తరించి ఉంది. ఈ సముద్రంలో 1,500 మీటర్ల నీటి అడుగున తవ్వబోయే ఒక బావిని ఊహించి, దానికి ఏ మడ్ తగునో తేల్చుకోవడానికి ఇక్కడ రెండు పక్షాలు ఎదురుపడుతున్నాయి. నీటి మడ్‌ను సమర్థించే పక్షం జలవాది, సింథటిక్ మడ్‌ను సమర్థించే పక్షం తైలవాది.

జలవాది: భారతదేశం వరకు ఈ చర్చలో మొదటి వాక్యం ఇంజనీరుది కాదు, చట్టానిది. పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద 2005 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన ప్రమాణాల ప్రకారం సముద్రంలో తవ్వకానికి నీటి మడ్‌నే వాడాలి. డీజిల్ మడ్ నిషిద్ధం. బావిలో ప్రత్యేకమైన సమస్య ఉన్నప్పుడు మాత్రమే, సంబంధిత మంత్రిత్వశాఖకూ కాలుష్య నియంత్రణ మండలికీ తెలియజేసి, విషస్వభావం తక్కువగల నూనె మడ్‌నో సింథటిక్ మడ్‌నో వాడుకోవచ్చు. అంటే నీటి మడ్ వాడేవాడు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు, నూనె వాడదలచినవాడే కారణం చూపాలి. కాబట్టి కారణం చూపే భారం మీ పక్షానిదే.

తైలవాది: ఆ భారాన్ని మోయడానికి అభ్యంతరం లేదు, ఎందుకంటే కారణం బావి గోడలోనే ఉంది. గోదావరి, కృష్ణలు లక్షల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రు సముద్రపు అడుగున పొరలుపొరలుగా పేరుకున్న ప్రాంతమది. అందులో అధికభాగం బంకమట్టి, అది గట్టిపడితే ఏర్పడిన షేల్ అనే రాయి. ఈ బంకమట్టిలో స్మెక్టైట్ జాతి ఖనిజాలు ఉన్నచోట వాటి పలుచని రేకుల మధ్యకు నీరు దూరి, రేకులను ఎడంచేసి, మట్టిని ఉబ్బిస్తుంది. వానకు ఉబ్బి ఎండకు పగిలే నల్లరేగడికి ఆ గుణం వచ్చింది ఈ ఖనిజాల వల్లనే. నీటి మడ్‌తో అలాంటి పొరలోకి దిగితే, తడిసిన రేగడి నాగలి కర్రుకు పట్టినట్లు మట్టి బిట్ పళ్ల మధ్య మెత్తుకుపోతుంది, బావి గోడ మెత్తబడి పెళ్లలుగా రాలుతుంది, రాలినది పైపు చుట్టూ చేరి పైపు ఇరుక్కుంటుంది. డ్రిల్లింగ్ నౌక అద్దె రోజుకు కొన్ని లక్షల డాలర్లుండే చోట ఇరుక్కున్న పైపు కోసం పోరాడే ప్రతి రోజూ ఆ అద్దె నడుస్తూనే ఉంటుంది. నూనె మడ్‌లో మట్టికి తగిలేది నూనె. లోపలి బిందువుల్లోని ఉప్పు గాఢత మట్టిలోని నీటి ఉప్పు గాఢత కంటే ఎక్కువగా ఉంచితే, నీరు మట్టిలోకి పోవడానికి బదులు మట్టి నుంచే బయటికి వస్తుంది. సమస్యకు మూలమైన నీటినే అడ్డుకునే ఉపాయం ఉండగా, నీరు పోసి ఆ తరువాత దాని దుష్ఫలితాలకు మందులు కలపడంలో అర్థమేమిటి?

జలవాది: మందులు అన్న మాటను కాస్త విడదీసి చూడాలి, ఎందుకంటే అవన్నీ ఒకే పని చేయవు. పొటాషియం క్లోరైడ్ కలిపితే పొటాషియం అయాన్లు రేకుల మధ్య ఇమిడి వాటిని దగ్గరగా పట్టి ఉంచుతాయి. పాలీఅక్రిలమైడ్ జాతి పాలిమర్ పొడవైన గొలుసులుగా ముక్క ఉపరితలాన్ని కప్పి, అది విడిపోకుండా కాపాడుతుంది. గ్లైకాల్ మట్టి సూక్ష్మరంధ్రాలను మూసివేస్తుంది. ఆ తరువాత వచ్చిన అమీన్ సమ్మేళనాలు పొటాషియం చేసే పనినే మరింత గట్టిగా చేస్తాయి. ఇవి పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల దాకా పోనక్కరలేదు. పైకి వచ్చిన మడ్‌ను వడగట్టే కంపించే జల్లెడ, అంటే షేల్ షేకర్, దగ్గర నిలబడితే చాలు: ఉబ్బు నిరోధం సరిగా ఉన్నప్పుడు మట్టి ముక్కలు అంచులు చెడకుండా, బిట్ పళ్ల గాట్లు కనిపించేంత గట్టిగా వస్తాయి; లేనప్పుడు గుండ్రబడి, జిగురై, జల్లెడకు పూతలా అంటుకుంటాయి. జల్లెడ దాటి మడ్‌లో కలిసిపోయిన మట్టిని మిథిలీన్ బ్లూ పరీక్ష బయటపెడుతుంది: నీలి రంగు కొద్దికొద్దిగా కలుపుతూ ఒక్కో చుక్కను వడపోత కాగితం మీద వేస్తే, మట్టి పీల్చుకోగా మిగిలిన రంగు చుక్క చుట్టూ పలుచని వలయంగా పాకిన క్షణానికి ఎంత మట్టి చేరిందో లెక్క తేలుతుంది. ఉబ్బును నీటి మడ్ పూర్తిగా ఆపలేదన్నది నిజమే, కానీ బావికి కావలసింది శాశ్వతత్వం కాదు. కేసింగ్ అనే ఉక్కు గొట్టం దించి సిమెంటు చేసేవరకు గోడ నిలిస్తే చాలు.

తైలవాది: ఆ కొద్దిరోజులు కూడా నిలవని గోడలుంటాయి. ఏటవాలుగా పోయే బావిలో పొర ఎక్కువ పొడవున తెరుచుకుని, ఎక్కువ కాలం మడ్‌లో నానుతుంది. పైగా పైపుకూ గోడకూ ఒరిపిడి పెరుగుతుంది. ఆ ఒరిపిడిని తగ్గించడంలో నూనెకు సాటి రాగల నీటి మడ్ అరుదు.

జలవాది: ఏటవాలు భాగం వరకు ఆ మాట చెల్లవచ్చు, కానీ బావి మొదలయ్యే చోటునే మీ పక్షం మరిచిపోతోంది. 1,500 మీటర్ల నీటి అడుగున తవ్వకం ఆరంభించినప్పుడు నౌకనూ బావి నోటినీ కలిపే రైజర్ అనే పెద్ద గొట్టం ఉండదు. తొలి కేసింగ్‌లు దిగి, వాటి మీద బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే పీడన నిరోధక కవాటాల దొంతర కూర్చున్న తరువాతే రైజర్ వస్తుంది. అప్పటివరకు పైకి వచ్చే ముక్కలూ మడ్డూ నేరుగా సముద్రపు అడుగునే పరుచుకుంటాయి కాబట్టి, సముద్రపు నీటితో, మధ్యమధ్య బెంటొనైట్ కలిపిన చిక్కటి మోతాదులతో తవ్వడం తప్ప గత్యంతరం లేదు. పైపొరల్లో ఇసుక నుంచి ఒత్తిడితో నీరు ఉబికివచ్చే ప్రమాదం ఉన్నచోట కూడా, 1990ల చివర మెక్సికో సింధుశాఖలోని ఉర్సా క్షేత్రం ఆ ప్రమాదానికి పెట్టింది పేరైన తరువాత అలవాటైన పరిష్కారం, ముగ్గురాయితో బరువు పెంచిన నీటి మడ్‌ను తవ్వుతూ వదిలేయడమే. కనుక లోతు సముద్రంలో ప్రతి బావీ కొంత మేర నీటి మడ్ బావే. తేలవలసింది ఎంత దూరం అన్నదే.

తైలవాది: అంగీకారమే, రైజర్ లేని భాగంలో తగవు లేదు. తగవు రైజర్ దిగిన క్షణాన మొదలవుతుంది, దాని పేరు హైడ్రేట్. నీటి అణువులు చల్లదనంలో, అధిక పీడనంలో, మీథేన్ వంటి వాయువు అణువుల చుట్టూ పంజరాలుగా అమరి ఏర్పరచే గట్టి పదార్థమిది. చూపుకు మంచుగడ్డే, కానీ సున్నా డిగ్రీలకు ఎంతో పైన కూడా కరగదు, ఒక ఘనమీటరు హైడ్రేటులో మామూలు పీడనం దగ్గర 160 ఘనమీటర్లకు పైగా విస్తరించే వాయువు ఇరికి ఉంటుంది. 2006లో భారత గ్యాస్ హైడ్రేట్ యాత్ర కృష్ణా–గోదావరి ప్రాంతంలోనే పగుళ్లుబారిన బంకమట్టిలో వంద మీటర్లకు మించిన మందాన హైడ్రేట్ పొరను కనుగొంది. అంటే ప్రకృతి అక్కడ ఆ పనిని స్వయంగా చేసి చూపింది. ఇక లెక్క చూడండి. బావి నోటి దగ్గర చలి నాలుగైదు డిగ్రీలు. సాపేక్ష సాంద్రత 1.1 గల మడ్ స్తంభం 1,500 మీటర్ల కింద కలిగించే పీడనం సుమారు 160 బార్లు. ఆ పీడనంలో శుద్ధ జలంలోని మీథేన్ హైడ్రేట్ సుమారు 17 డిగ్రీల దాకా స్థిరంగా ఉంటుంది. ఈథేన్, ప్రొపేన్ కలిసిన వాయువైతే హద్దు ఇంకా పైకి పోతుంది. కిక్ వచ్చి, కవాటాలు మూసి, మడ్ కదలిక ఆగి చల్లబడిన వేళ నీటి మడ్‌లో వాయువు ఉంటే, కవాటాల్లోనూ వాటి పక్క గొట్టాల్లోనూ గడ్డ కట్టడానికి కావలసినవన్నీ సిద్ధంగా ఉన్నట్టే. ఇది ఊహ కాదు. కాలిఫోర్నియా తీరంలో 350 మీటర్ల నీటి లోతున, మెక్సికో సింధుశాఖలో 945 మీటర్ల లోతున ఇలా గొట్టాలు మూసుకుపోయిన సంఘటనలను బార్కర్, గోమెజ్ 1989లోనే ప్రచురించారు. 2010 మే నెలలో అదే సింధుశాఖలోని మకోండో బావి లీకు మీద, అదీ 1,500 మీటర్ల లోతునే, దింపిన దాదాపు వంద టన్నుల ఉక్కు గోపురం పనికిరాకుండా పోయింది కూడా లోపల హైడ్రేట్ గడ్డకట్టి దారి మూసేసినందువల్లనే. బావిని అదుపులోకి తేవలసిన సాధనమే బిగుసుకుపోయే ప్రమాదం ముందు ఖర్చు లెక్కలు, ముక్కల లెక్కలు చిన్నవి.

జలవాది: ఇంతవరకు చెప్పిన వాటిలో ఇదే బలమైన వాదం, దాన్ని తేలిక చేయడం తగదు. అయితే హైడ్రేట్‌కు విరుగుడు కూడా నీటిలోనే కరుగుతుంది. బరువులో 20 శాతం మామూలు ఉప్పు కలిపితే ఆ 17 డిగ్రీల హద్దు సుమారు పది డిగ్రీల మేర కిందికి దిగుతుంది. మిగిలిన కొద్ది తేడాను గ్లైకాల్ పూడుస్తుంది. బావిని కొంతకాలం వదిలివెళ్లవలసి వచ్చినప్పుడు కవాటాల్లోనూ పక్క గొట్టాల్లోనూ గ్లైకాల్ ఎక్కువగా ఉన్న ద్రవాన్ని నింపి ఉంచడం ఆనవాయితీ. ఉప్పు, పాలిమర్, గ్లైకాల్ కలిసిన ఈ మడ్‌తో మెక్సికో సింధుశాఖలో లోతు బావులు తవ్వారు. నూనె మడ్ లోపల కూడా నీటి బిందువులుంటాయి. వాటిని కాపాడేది కూడా ఉప్పే.

తైలవాది: ఉప్పు ఉచితంగా రాదు, బరువు తెస్తుంది. 20 శాతం ఉప్పునీటికి ముగ్గురాయి గింజ కలపకముందే సాంద్రత 1.15. ఇప్పుడు బావి నోటికి 500 మీటర్ల కింద రాయి మోస్తున్న భారాన్ని కొలవండి: 1,500 మీటర్ల సముద్రపు నీరు 1.03 చొప్పున, 500 మీటర్ల మెత్తని ఒండ్రు 1.8 చొప్పున కలిపి 2,000 మీటర్లకు పంచితే సగటు 1.22 మాత్రమే. రాయి చీలే హద్దు దానికంటే తక్కువ. నేల మీద బావికైతే అదే లోతున పైనంతా రాయే ఉండేది. ఇక్కడ మూడువంతులు నీరే. అలాంటి సన్నని సందులో 1.15తో మొదలుపెట్టే మడ్‌కు పారించే ఒత్తిడి, ముక్కల బరువు కలపడానికి చోటెక్కడ? సాంద్రత 0.8 దరిదాపుల్లో ఉండే మూలనూనెతో తేలికైన మడ్ చేయడం సులభం.

జలవాది: లెక్క సరైనదే, దాన్ని అన్వయించిన చోటే సరికాదు. బావి నోటికి 500 మీటర్ల కింద తవ్వేటప్పుడు రైజర్ ఉండదని మీరే ఒప్పుకున్నారు. మడ్ సముద్రపు అడుగున బయటికి పోతుంది కనుక ఆపైన 1,500 మీటర్లూ సముద్రపు నీరే, దానికి ఉప్పు మడ్ బరువు ప్రసక్తి లేదు. రైజర్ దిగే నాటికి కేసింగ్ ఇంకా లోతుకు పోయి ఉంటుంది. వేయి మీటర్ల కింద అదే పద్ధతిలో, ఒండ్రును 1.9గా తీసుకుని లెక్క వేస్తే సగటు 1.38 దాకా పెరిగి సందు వెడల్పవుతుంది. ఇరుకు ఉన్నది తొలి కేసింగ్‌ల కిందనున్న కొద్ది భాగంలోనే. ఆ ఇరుకులో నూనె మడ్‌కూ దాని సొంత జబ్బు ఉంది: పైన రైజర్‌లోని చలికి చిక్కబడి, పంపు నడిచినప్పుడు అడుగున పీడనాన్ని పెంచుతుంది, రాయి ఒకసారి చీలితే, నీటి మడ్‌లోని ఘనపదార్థాలు చీలిక కొసన పేరుకుని దాన్ని మూసే అవకాశం ఉండగా, నూనె పొర ఆ పేరుకోవడాన్ని అడ్డుకోవడంతో చీలిక సులభంగా సాగుతుంది. అలా పోయే ద్రవం నీటి మడ్ కంటే ఎన్నో రెట్లు ఖరీదైనది.

తైలవాది: చలికి చిక్కబడే దోషాన్ని ఈ శతాబ్దపు తొలి ఏళ్లలోనే గుర్తించి, నాలుగు డిగ్రీల దగ్గరా అరవై డిగ్రీల దగ్గరా ఇంచుమించు ఒకే చిక్కదనం ఉండేలా సింథటిక్ మడ్‌లను రూపొందించారు. చీలిక విషయంలో మీ మాట కాదనలేనిది. అందుకే అలాంటి పొరలున్నచోట చీలికలను పూడ్చే గింజలను మడ్‌లో ముందే కలిపి దిగుతారు.

జలవాది: ఖరీదు సంగతి అటుంచి, భద్రత దగ్గరే మరో ప్రశ్న. మీథేన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. నీటి మడ్‌లోకి కిక్ వస్తే, చొరబడిన వాయువు ఎంత స్థలం ఆక్రమిస్తే అంత మడ్ పైనున్న తొట్టెల్లోకి పొంగుతుంది, కాపలా ఉన్నవాడికి మట్టం పెరుగుదల కనిపిస్తుంది. నూనె మడ్‌లో ఆ వాయువు కరిగి కూర్చుంటుంది, తొట్టె మట్టం స్వల్పంగానే కదులుతుంది. పైకి వస్తూ పీడనం ఒక హద్దు కిందికి తగ్గిన చోట, చాలా సందర్భాల్లో కవాటాల దొంతరను దాటి రైజర్‌లోకి వచ్చాక, ఒక్కసారిగా విడిపోతుంది. అప్పుడు కవాటాలు మూసినా ఆ పై వాయువుకు అడ్డు ఉండదు. హైడ్రేట్ ప్రమాదం కిక్ వచ్చిన తరువాతిది; కిక్‌ను ఆలస్యంగా తెలుసుకోవడం దానికి ముందరిది.

తైలవాది: ఆ దాపరికం నిజం, కానీ దానికి మరో ముఖం ఉంది: కవాటాలు మూసిన తరువాత నీటి మడ్‌లో బుడగలుగా ఉన్న వాయువు తనంత తాను పైకి పాకుతూ బావి పీడనాన్ని పెంచుతుంది, నూనెలో కరిగినది ఉన్నచోటే ఉంటుంది. కిక్‌ను కనిపెట్టడానికి తొట్టె మట్టం ఒక్కటే ఆధారం కాదు; బయటికి వచ్చే ప్రవాహాన్నీ లోపలికి పంపేదాన్నీ కచ్చితంగా సరిపోల్చే కొలమానాలున్నాయి, పంపులు ఆపి బావి తనంత తాను పారుతోందో లేదో చూసే ఆచారం ఉంది. మకోండోను ఇక్కడ ఉదాహరించడం న్యాయం కాదు. అక్కడ సింథటిక్ మడ్ వాడిన మాట నిజమే అయినా, పదకొండు మంది ప్రాణాలు తీసిన ఆ ప్రమాదం మడ్‌ను తీసి సముద్రపు నీటిని నింపుతున్న సమయంలో జరిగింది, విచారణలు వేలెత్తి చూపింది నిలవని సిమెంటునూ, తప్పుగా అర్థం చేసుకున్న పీడన పరీక్షనూ.

జలవాది: ఆ ప్రమాదాన్ని మడ్ మీదికి నెట్టే ఉద్దేశం జలపక్షానికి లేదు. కొలమానాలూ ఆచారాలూ ఉన్నాయన్నదే మీ సమాధానమైతే, హైడ్రేట్‌కు ఉప్పూ గ్లైకాలూ ఉన్నాయన్న సమాధానాన్నీ అదే తూకంతో తూచాలి. రెండు పక్షాలూ తమ మడ్ లోపాన్ని క్రమశిక్షణతో పూడ్చుకుంటామంటున్నాయి. ఇక బావి దాటి సముద్రంలోకి వద్దాం. 1,500 మీటర్ల రైజర్‌లో సుమారు 1,700 బ్యారెళ్ల మడ్ నిలిచి ఉంటుంది. బంగాళాఖాతం తుపానుల సముద్రం. నౌక స్థానం తప్పి రైజర్‌ను అత్యవసరంగా విడదీయాల్సి వస్తే అదంతా సముద్రం పాలు.

తైలవాది: తుపాను రోజుల ముందే చెప్పి వస్తుంది, మడ్‌ను తొట్టెల్లోకి తీసుకుని, రైజర్‌ను సముద్రపు నీటితో నింపిన తరువాతే విడదీస్తారు. ప్రమాదం ఉన్నది ఇంజన్లు గానీ స్థాన నియంత్రణ గానీ హఠాత్తుగా విఫలమైనప్పుడే. దాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది సబబే, కానీ అరుదైన ఆ ప్రమాదాన్ని చూపి, నీటి మడ్ ప్రతిరోజూ చేసే పారబోతను దాచకూడదు. నీటి మడ్‌లో కలిసిపోయిన మట్టిని జల్లెడలు పూర్తిగా తీయలేవు. మట్టి పెరిగేకొద్దీ కొంత మడ్‌ను పారబోసి కొత్తది కలిపి పలుచన చేయాలి. దాంతో ఒక్క బావికే వేల బ్యారెళ్లు సముద్రంలో కలుస్తాయి. సింథటిక్ మడ్‌ను బావి తరువాత బావికి తిరిగి వాడతారు. ముక్కలతో పాటు పోయే పూత తప్ప బయటికి పోయేది ఉండదు.

జలవాది: ఆ పూతే అసలు సంగతి. నీటి మడ్ ముక్కలు నీటిలో విడివడి దూరదూరంగా పరుచుకుంటాయి, పారబోసే ద్రవం చాలావరకు ఉప్పు, మట్టి, ముగ్గురాయి. భారత ప్రమాణాలు దానికీ కళ్లెం వేశాయి: 96 గంటల్లో సగం పరీక్షజీవులు చనిపోయే గాఢత లీటరుకు 30,000 మిల్లీగ్రాములకు పైన ఉండాలి, విడుదల గంటకు సగటున 50 బ్యారెళ్లకు మించకుండా అంచెలంచెలుగా జరగాలి, షట్‌సంయోజక క్రోమియం ఉండకూడదు. సింథటిక్ పూత పట్టిన ముక్కలు మాత్రం నూనె అంటుకుని గుంపుగా బావి దగ్గరే పడతాయి. ఆ పూతను సూక్ష్మజీవులు తినేటప్పుడు అడుగుమట్టిలోని ఆక్సిజన్ హరించుకుపోతుంది. బంగాళాఖాతంలో కొన్ని వందల మీటర్ల లోతున ఆక్సిజన్ సహజంగానే అతి తక్కువగా ఉండే నీటి పొర ఉంది. 98/2 వంటి బ్లాకుల లోతు తక్కువ అంచు ఆ పొరకు తగిలే చోటే.

తైలవాది: ఇక్కడ చర్చిస్తున్న బావి 1,500 మీటర్ల లోతున, ఆ పొరకు బాగా దిగువన ఉంది. అంచున తవ్వే బావికి ఆ అభ్యంతరం వర్తిస్తుంది, దీనికి కాదు. పూత విషయంలో దేశాలే ఏకాభిప్రాయానికి రాలేదు: అమెరికా 2001 నిబంధనల్లో ఒలెఫిన్ మడ్ ముక్కల మీద బరువులో 6.9 శాతం, ఎస్టర్ అయితే 9.4 శాతం వరకు పూతను సముద్రంలో వదలనిచ్చింది. ఈశాన్య అట్లాంటిక్ దేశాల ఆస్పార్ ఒప్పందం 2000లో చేసిన నిర్ణయం, నూనె పూత ఒక శాతం మించిన ముక్కలను వదలకూడదంటూ, సింథటిక్ ముక్కల విడుదలను అసాధారణ పరిస్థితులకే పరిమితం చేసింది. వేడిగాలితోనో వేగంగా తిప్పే యంత్రంతోనో పూతను తగ్గించవచ్చు, అంతకూ కాదంటే ముక్కలను పెట్టెల్లోకెత్తి ఒడ్డుకు చేర్చవచ్చు.

జలవాది: చేర్చవచ్చు; కానీ పెట్టెలను క్రేనుతో ఎత్తి దించే ప్రతిసారీ కూలీ ప్రాణానికి ముప్పు, ఓడ ఇంధనానికి పొగ, ఒడ్డున ఆ నూనెమట్టిని పూడ్చే ఊరికి తలనొప్పి. ఆ భారాలన్నీ నూనె మడ్ ఖర్చు ఖాతాలోకి ఎక్కాలి.

తైలవాది: ఎక్కనివ్వండి. ఇరుక్కుపోయి వదిలేసిన బావి పక్కన మళ్లీ తవ్వే రెండో బావి ముక్కలు, పొగ, ప్రాణాపాయం నీటి మడ్ ఖాతాలోకి ఎక్కితే రెండు ఖాతాలూ అప్పుడు సరిపోలుతాయి.

ఇంతవరకు వచ్చిన తరువాత రెండు పక్షాల మధ్య మిగిలిన దూరం మొదట కనిపించినంత లేదు. రైజర్ లేని పైభాగానికి నీటి మడ్డే గతి అన్నది ఇద్దరి మాట. దాని కిందనున్న భాగంలో, పొరలు ఉబ్బే గుణం మితంగా ఉండి, బావి నిటారుగా పోయేచోట, ఉప్పు, గ్లైకాల్, పాలిమర్ కలిసిన నీటి మడ్ సాధ్యమన్న మాటను తైలవాది కాదనలేదు. లోతున, ఏటవాలుగా, వేడిగా, తీవ్రంగా ఉబ్బే షేల్‌లో నూనె మడ్‌కు న్యాయమైన చోటుందని జలవాది ఒప్పుకోక తప్పలేదు. తేలనిది ఒక్కటే: చట్టం చెప్పే ‘ప్రత్యేక సమస్య’ ఉన్నదని ఎవరు, ఎప్పుడు తేల్చాలి?

తైలవాది: పైపు ఇరుక్కుంటేనే సమస్య రుజువైనట్టు లెక్కించే పక్షంలో, అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. నడిసముద్రంలో ఒక మడ్‌ను తీసి మరో మడ్ నింపడానికి తొట్టెలు, సరఫరా ఓడలు, సరుకు ముందే సిద్ధంగా ఉండాలి. నిర్ణయం తవ్వకానికి ముందే జరగాలి, దాన్ని బావి రూపకర్తే చేయాలి.

జలవాది: ముందే జరగాలన్నదాంతో పేచీ లేదు, మొత్తం బావికి ఒక్క మాటలో జరగకూడదన్నదే పేచీ. ప్రతి భాగానికీ విడిగా, పక్క బావిలో రాలిన పెళ్లల నమూనా, ఆ బావి గోడ వ్యాసం కొలతలు, ఆ మట్టిని నిరోధక నీటి మడ్‌లో వేడిచేసి దొర్లించాక ఎంత గట్టిగా మిగిలిందో చెప్పే పరీక్ష, ఆ లోతుకు హైడ్రేట్ లెక్క రాతపూర్వకంగా చూపిన తరువాతే ఆ భాగానికి నూనె అనుమతించాలి. పక్క బావి నూనెతో తవ్వారు కనుక ఇదీ నూనెతోనే అన్నది అలవాటే అవుతుంది, రుజువు కాదు. ఎందుకంటే ఆ బావి నీటి మడ్‌తో నిలిచేదో కాదో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

తైలవాది: తొలి బావికి పక్క బావే ఉండదు.

జలవాది: అందుకే తొలి బావికి రెండు మడ్‌లూ సిద్ధంగా ఉంచి, తొలి కేసింగ్ కింద నీటి మడ్‌తో దిగి, జల్లెడ మీది ముక్కలనూ మిథిలీన్ బ్లూ అంకెనూ రోజూ నమోదు చేస్తూ, ముందే రాసుకున్న హద్దు దాటితే మారాలి. ఆ నమోదు తరువాతి బావులన్నిటికీ ఆధారమవుతుంది.

తైలవాది: రెండు మడ్‌లకు చోటు ఉన్న నౌక దొరికితే, ఆ షరతుకు ఒప్పుకోవచ్చు.

ఈ చివరి షరతు చిన్నదిగా కనిపించినా, నీటి మడ్ భవిష్యత్తు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంది. లోతు సముద్రంలో నీటి మడ్ వెనకబడడానికి రసాయన కారణాలెంత ముఖ్యమో, నౌక మీది తొట్టెల సంఖ్య, సరఫరా ఓడల ఒప్పందాలు, బావి మొత్తానికి ఒకే ద్రవం కొనే సౌలభ్యం అంతే ముఖ్యం. చట్టం నీటి మడ్‌ను నియమంగా, నూనెను మినహాయింపుగా ఉంచింది. మినహాయింపును భాగాల వారీగా కొలిచి ఇచ్చినప్పుడే నియమానికి విలువ ఉంటుంది, బావి మొత్తానికి ఒకేసారి ఇచ్చేస్తే నియమం కాగితం మీదే మిగులుతుంది. అందువల్ల నౌకను కుదుర్చుకునే దశలోనే రెండు మడ్‌లకూ తొట్టెలు కేటాయించమని కోరడం, ఏ భాగానికి ఏ ఆధారంతో ఏ మడ్ ఎంచుకున్నారో బావి నివేదికలో చేర్చడం, జలవాది గెలుపు కోసమో తైలవాది ఓటమి కోసమో కాక, వారి వాదాన్ని ప్రతి కొత్త బావీ కొత్త సాక్ష్యంతో పరీక్షించడం కోసం అవసరం.